రాకుమారి నీలోఫరు

కర్దనూరు మొదలుకొని సంగారెడ్డి వరకు గల పల్లెలలో పసిబిడ్డకు జబ్బు ముదిరినపుడు, ఇక నీలోఫరు దవాఖానకు కొనిపోవలసినదేనని పెద్దలు నిశ్చయింతురు. తల్లి బిడ్డను కొంగున చుట్టుకొని పటాన్‌చెరు చేరి, అచ్చటినుండి బొంబాయి రహదారి వెంట హైదరాబాదు పోయి, లక్డీకాపూల్ సమీపమున రెడ్‌హిల్స్‌లోనున్న ఆ వైద్యశాల మెట్లెక్కును. ఈ ప్రాంతమున ఆ పేరెరుగని యిల్లు లేదు. అయినను అది ఒక స్త్రీ పేరనియు, ఆమె తురుష్క దేశపు రాజవంశమున పుట్టి హైదరాబాదునకు కోడలై వచ్చినదనియు, తాను బిడ్డను కనకయే ఇతరుల బిడ్డలకు ఆశ్రయమైనదనియు తెలిసినవారు కొలదిమందియే. ప్రతిదినము మన నోట పలుకు పేరునకు వెనుకనున్న జీవితమును తెలిసికొనుట మన విధి.

నీలోఫరు 1916వ సంవత్సరము జనవరి 4వ తేదీన ఇస్తాంబుల్ నగరమున జన్మించెను. పారసీక భాషలో నీలోఫరు అనగా కలువపూవు. తల్లి ఆదిలా సుల్తాన్. ఆటోమన్ చక్రవర్తియైన అయిదవ మురాదునకు నీలోఫరు మునిమనుమరాలు. ఆరువందల యేండ్లు మూడు ఖండములలో రాజ్యమేలిన వంశమది. కాని ఆమె కన్ను తెరచునాటికి ఆ వైభవము అస్తమించుచుండెను. మొదటి ప్రపంచ సంగ్రామమున తురుష్కులు ఓడిపోయిరి. పసితనముననే తండ్రి గతించెను. 1922లో సుల్తాను పదవి రద్దయ్యెను. 1924 మార్చిలో క్రొత్త ప్రభుత్వము ఖలీఫా పదవినికూడ తొలగించి, రాజకుటుంబము వారినందరిని దేశము విడిచిపొమ్మని శాసించెను. ఎనిమిదేండ్ల నీలోఫరు తల్లితోకూడ పుట్టిన గడ్డను విడిచి, ఫ్రాన్సు దేశమున సముద్రతీరముననున్న నీస్ నగరమును చేరెను. రాజభవనమున పుట్టిన బాలిక పరదేశమున శరణార్థిగా పెరిగెను. ఐశ్వర్యము నిలుకడలేనిదని ఆమె పుస్తకములలో చదివి నేర్చినది కాదు.

కడపటి ఖలీఫా అబ్దుల్ మజీదు కూడ ఆ నీస్ నగరముననే ప్రవాసమున నుండెను. ఆయనకు హైదరాబాదు నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను నెలనెలకు భరణము పంపుచుండెను. ఈ సంబంధము వియ్యమునకు దారితీసెను. 1931లో ఖలీఫా ఏకైక పుత్రిక దుర్రెషెహ్వారును నిజాము జ్యేష్ఠపుత్రుడు ఆజంజాకును, నీలోఫరును రెండవ కుమారుడు మొఅజ్జంజాకును ఇచ్చి నీస్‌లో వివాహము చేసిరి. అప్పటికి నీలోఫరు వయస్సు పదునైదేండ్లు. ఆ సంవత్సరము డిసెంబరులో నూతన దంపతులు పిల్స్నా అను ఓడలో బొంబాయికి ప్రయాణమైరి. లండనులో రెండవ రౌండు టేబిలు సమావేశము ముగించుకొని మహాత్మాగాంధి స్వదేశమునకు మరలి వచ్చినదియు ఆ ఓడలోనే. ఒక వైపున ప్రపంచములోని మహాధనవంతుల యింటి క్రొత్త కోడండ్రును, ఒక వైపున కొల్లాయి గట్టిన గాంధీజీయు ఒకే సముద్రమును దాటి ఒకే రేవున దిగిరి.

హైదరాబాదులో నీలోఫరునకు లోటన్నది లేకుండెను. నిజామును ప్రపంచమునకెల్ల మిక్కిలి ధనవంతుడుగా నెంచి 1937లో అమెరికాలోని టైమ్ పత్రిక ఆయన చిత్రమును ముఖపత్రముపై ముద్రించెను. అంతటివాని కోడలు ఆమె. కొండమీద కోటవలె కట్టబడిన హిల్‌ఫోర్టు భవనము వారి నివాసము. భర్త నగరాభివృద్ధి మండలికి అధ్యక్షుడు. మొజంజాహి మార్కెటు ఆయన పేరిట వెలసినదే. విందులకును వినోదములకును నీలోఫరు లేనిదే శోభ లేదని నగరములోని పెద్దలు భావించిరి. ఆమె సౌందర్యమును దేశవిదేశములలోని పత్రికలు కొనియాడినవి. గౌనులలో పెరిగిన ఆ పిల్ల చీర కట్టుట నేర్చి, సన్నని వస్త్రముపై చిత్రవిచిత్రమైన కుట్టుపని చేయించి ధరించెడిది. ఆమె కట్టిన తీరును చూచి ఇతర స్త్రీలు అనుసరించిరి. రాజకుటుంబములలో ఘోషా కఠినముగా సాగుచున్న ఆ దినములలో ఆమె ముసుగులేకుండ బహిరంగసభలకు వచ్చెను. అది ఆ కాలమునకు చిన్న విషయము కాదు.

ఇంత భాగ్యమునకు నడుమ ఒక వెలితి యుండెను. తోడికోడలు దుర్రెషెహ్వారునకు 1933లో ఒక కుమారుడును, 1939లో మరియొక కుమారుడును కలిగిరి. నీలోఫరునకు సంతానము కలుగలేదు. ఐరోపాలోని ప్రసిద్ధ వైద్యులకు చూపించుకొన్నను ఫలము లేకపోయెను. పల్లెలోని గుడిసెయైనను, రాజులు నివసించు మేడయైనను, బిడ్డలు లేని స్త్రీని లోకము చూచు చూపు ఒక్కటే. గొడ్రాలను మాటకు పేదరాలని, రాణియని భేదము లేదు. ఆ దుఃఖమును ఆమె తనలోనే దాచుకొనెను గాని దానిలో మునిగిపోలేదు. రెండవ ప్రపంచ సంగ్రామ కాలమున నర్సు శిక్షణ పొంది సహాయక కార్యములలో పాల్గొనెను. పూలును రత్నములును తప్ప మరేమియు తాకనక్కరలేని చేతులు రోగులకు కట్టుకట్టుట నేర్చుకొన్నవి.

ఆనాటి తల్లుల దశను ఒకసారి తలచుకొనవలెను. 1946లో ప్రకటింపబడిన భోర్ సంఘమువారి నివేదికను బట్టి, బ్రిటిషు ఇండియాలో వేయి కాన్పులకు సుమారు ఇరువదిమంది తల్లులు మరణించుచుండిరి. అనగా నూరింటికి ఇద్దరు. ఏటేట రెండులక్షలమంది స్త్రీలు కాన్పు కారణముగా ప్రాణములు విడుచుచుండిరని ఆ సంఘము లెక్కవేసెను. 1937లో పుట్టిన వేయిమంది శిశువులలో 162 మంది ఏడాది నిండకమునుపే గతించిరి, ఆరుగురిలో ఒకరన్నమాట. పల్లెలలో మంత్రసానియే వైద్యురాలు. అనుభవము గల మంత్రసాని సుఖప్రసవములను చక్కగానే నడపెడిది. కాని రక్తము ఆగక పోయినపుడును, బిడ్డ అడ్డము తిరిగినపుడును, తల్లికి వాతము కమ్మినపుడును, శుభ్రములేని కత్తితో బొడ్డు కోయగా విషము లోనికెక్కినపుడును ఆమె చేయగలిగినది లేదు. బండిలో పట్టణమునకు తరలించులోపల రెండు ప్రాణములును దక్కెడివి కావు. గర్భిణికి కాన్పు పునర్జన్మయని మన పెద్దలనుట ఇందువలననే.

1948 సంవత్సరము హైదరాబాదు చరిత్రను మార్చినది. నీలోఫరు జీవితమునుకూడ మార్చినది. సెప్టెంబరు 17న నిజాము రాజ్యము భారతదేశమున కలిసెను. ఆ సంవత్సరముననే ఆమె భర్త మరియొక స్త్రీని పెండ్లాడెను. మరుసటి యేట, 1949లో, ఆమె కడ పనిచేయుచుండిన రఫతున్నీసా అను పరిచారిక కాన్పు సమయమున తగిన వైద్యసహాయము అందక మరణించినదని హైదరాబాదులో చెప్పుకొందురు. ఆ పరిచారిక యెడ నీలోఫరునకు మిక్కిలి అభిమానము. బిడ్డకొరకు పరితపించిన యజమానురాలి యింట బిడ్డను కనబోయి సేవకురాలు చనిపోయెను. తనకు దక్కని మాతృత్వము ఆ పేదరాలి ప్రాణమును బలిగొనుట నీలోఫరు హృదయమును కలచివేసెను. ఎందరో దొరసానులు అట్టిచోట నాలుగు కన్నీళ్లు విడిచి, ఆ కుటుంబమునకు నాలుగు రూకలిచ్చి యూరకుందురు. ఆమె అట్లు చేయలేదు. మరియొక స్త్రీకి అట్టి చావు రాకూడదని సంకల్పించి, స్త్రీలకును శిశువులకును ప్రత్యేకమైన వైద్యశాల యుండవలెనని మామగారైన నిజామునకు విన్నవించెను. ఆయనకు ఈ కోడలి యెడ వాత్సల్యము మెండు. విన్నపము వృథా కాలేదు.

1952లో నీలోఫరునకును మొఅజ్జంజాకును విడాకులైనవి. 1953లో నగరమున ఆమె పేర వైద్యశాల వెలసెను. ఈ రెండు సంవత్సరముల వరుసను గమనింపవలెను. ఆ పేరు ద్వారముపై వ్రాయబడునాటికి ఆమె నిజాము కోడలు కాదు. ఆ నగరమున ఆమెకు అధికారము లేదు. ఆమెను మెప్పించుటవలన ఎవరికిని కలుగు లాభము లేదు. అయినను ఆ పేరు నిలిచెను. పదవినిబట్టి వచ్చిన పేరు పదవితో పోవును. కార్యమునుబట్టి వచ్చిన పేరు కార్యమున్నంతవరకు ఉండును.

ఇచ్చట ఒక మాట చెప్పకుండుట న్యాయము కాదు. రాజుల ధనమెక్కడిది? అది తెలంగాణమున రైతు చెల్లించిన శిస్తు. నల్లరేగడిలోను ఎర్రచెలకలోను చెమటోడ్చిన కాపుల కష్టార్జితము. నిజాము కాలమున వెట్టిచాకిరి నలిగిన కుటుంబములు, జాగీరుదారుల చేత బాధపడిన గ్రామములు అనేకము. వాని జ్ఞాపకమును ఒక వైద్యశాల తుడిచివేయజాలదు. కాని ప్రజలనుండి వచ్చిన ధనములో కొంతయైనను ప్రజల తల్లులకును బిడ్డలకును మరల చేరుటకు ఒక స్త్రీ కారకురాలయ్యెను. ఆమె చేసినది దానమా, ఋణవిమోచనమా అని ఎవరికి తోచినట్లు వారు తలచవచ్చును. ఏ పేరిట పిలిచినను, ఆ వాకిటినుండి ప్రాణములతో ఇల్లుచేరిన బిడ్డకు అది జీవితమే.

నేడది ఉస్మానియా వైద్యకళాశాలకు అనుబంధమైన ప్రభుత్వ వైద్యశాల. శిశువైద్యము నేర్చు విద్యార్థులకు అది గురుకులము. నెలలు నిండక పుట్టిన శిశువును వెచ్చగా నుంచి ఊపిరి నిలుపుట, పాలు త్రాగలేనివానికి కొద్దికొద్దిగా తల్లిపాలు అందించుట, పచ్చకామెరలు కమ్మిన పసికందును నీలికాంతి దీపముల క్రింద నుంచుట అచ్చట ప్రతిదినము జరుగు పనులు. వరండాలలో చాపలు పరచుకొని రాత్రింబవళ్లు వేచియుండు తండ్రులు, అమ్మమ్మలు, నాయనమ్మలు తెలంగాణమున అన్ని జిల్లాల వారును కలరు. తావు చాలక పోవుటయు, రద్దీయు ఉన్నమాట నిజమే. పేదవారు నమ్మి వచ్చుటవలననే ఆ రద్దీ. కాలము చేసిన మేలుకూడ లెక్కలలో కానవచ్చును. 2018 మొదలు 2020 వరకు గల ప్రభుత్వ గణాంకములను బట్టి తెలంగాణ రాష్ట్రమున లక్ష కాన్పులకు తల్లుల మరణములు 43. నూరింటికి ఇద్దరు మరణించిన దినములతో దీనిని పోల్చిచూచిన ఎంత దూరము వచ్చితిమో తెలియును. ఈ మార్పు ఒకరివలన కలిగినది కాదు. మందులు, రహదారులు, ఆడపిల్లల చదువు, నర్సులు, ఊరూర తిరుగు ఆరోగ్య కార్యకర్తలు కలిసి సాధించినది. ఆ గొలుసులో నీలోఫరు దవాఖాన ఒక గట్టి కొలికి.

విడాకుల పిమ్మట నీలోఫరు పారిస్ నగరమున నివసించెను. 1963లో ఎడ్వర్డ్ పోప్ అను అమెరికా దేశీయుని వివాహమాడెను. 1989వ సంవత్సరము జూన్ 12న పారిస్‌లో కాలధర్మము చెందెను. ఆ నగరమునకు చేరువలోనున్న బోబిన్యీ అనుచోట ఆమె సమాధి కలదు. ఇస్తాంబుల్‌లో పుట్టి, నీస్‌లో పెరిగి, హైదరాబాదులో మెట్టి, పారిస్‌లో కన్నుమూసిన ఆమెకు ఏ దేశమును పూర్తిగా స్వదేశము కాలేదు. పుట్టిన దేశము వెడలగొట్టినది; మెట్టిన యిల్లు నిలువలేదు; వంశము నిలుపు సంతానము కలుగలేదు.

అయినను ఆమె పేరు తలపని దినము హైదరాబాదులో లేదు. రాజవంశముల పేర్లు బడిపిల్లలు పరీక్షకొరకు వల్లించి మరచిపోవుదురు. నీలోఫరను పేరు మాత్రము అర్ధరాత్రి జ్వరముతో కాగుచున్న బిడ్డను ఎత్తుకొని రహదారిమీద ఆటోకొరకు ఎదురుచూచు తల్లి నోట పలుకును. ఆ తల్లికి ఆమె చీరల సొగసు తెలియదు, హిల్‌ఫోర్టు విందులు తెలియవు. ఆ వాకిలి చేరిన బిడ్డ బ్రతుకునన్న నమ్మకము ఒక్కటే తెలియును. కడుపున ఒక్క బిడ్డను మోయని స్త్రీ లక్షలాది బిడ్డల తల్లుల నమ్మకమును మోయుచున్నది. ఇంతకుమించిన సంతానము ఎవరికుండును?