గతాన్ని ఎంతసేపు తవ్వాలి? ఇగ్నేషియస్ లయోలా జీవితం



విజయవాడ వాళ్ళకి ఆంధ్రా లయోలా కాలేజీ తెలుసు. సికింద్రాబాద్‌లో అల్వాల్ వైపు ఉండేవాళ్ళకి లయోలా అకాడమీ తెలుసు. చెన్నైలో చదివినవాళ్ళకి అక్కడి లయోలా కాలేజీ తెలుసు. ఎంబీఏకి ప్రిపేర్ అయినవాళ్ళకి జంషెడ్‌పూర్‌లోని జేవియర్ పేరు మీదున్న కాలేజీ తెలుసు. కానీ ఈ లయోలా ఎవరు, ఆయనకీ జేవియర్‌కీ ఏంటి సంబంధం అని మనలో చాలామంది ఎప్పుడూ ఆలోచించి ఉండరు.

ఈ వారం వీడియో ఆయన గురించే. వీడియోలో టైమ్ సరిపోక వదిలేసినవి ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఆయన క్రైస్తవ సాధువు. మరి మన ఛానల్లో ఎందుకు అంటారా? ఆయనకి వచ్చిన కష్టం మనకీ వస్తుంది కాబట్టి. ఎప్పుడో చేసిన తప్పు రాత్రి పడుకోగానే గుర్తొస్తుంది. క్షమించమని దేవుణ్ణి అడుగుతాం. మర్నాడు మళ్ళీ అదే గుర్తొస్తుంది. నిన్న మనస్ఫూర్తిగా అడగలేదేమో, ఏదైనా దాచానేమో అని కొత్త అనుమానం. ఇగ్నేషియస్ ఈ సుడిగుండంలో పడి చావు అంచుదాకా వెళ్ళి వచ్చారు. వచ్చాక, ఆత్మశోధన ఎలా చేసుకుంటే మనసు బాగుపడుతుందో ఒక పద్ధతిగా రాసిపెట్టారు.

కోటలో పుట్టిన ఇనీగో

1491లో స్పెయిన్ ఉత్తరాన బాస్క్ ప్రాంతంలో, అజ్పేటియా అనే ఊరి దగ్గరున్న లయోలా కోటలో పుట్టాడు. అసలు పేరు ఇనీగో. పదమూడు మంది పిల్లల్లో చివరివాడని చెప్తారు. తల్లి చిన్నప్పుడే పోయింది. ఊళ్ళో కమ్మరి భార్య పాలిచ్చి పెంచింది. కొంచెం పెద్దయ్యాక కాస్టీల్ రాజ్యపు కోశాధికారి ఇంట్లో చేర్చారు. అక్కడ కత్తి తిప్పడం, అందంగా రాయడం, పెద్దింటి మర్యాదలు అన్నీ వచ్చాయి. వాటితో పాటు జూదం, ఆడవాళ్ళ పిచ్చి, పరువు కోసం కత్తి దూసే దూకుడు కూడా వచ్చాయి. జుట్టు మీద, బట్టల మీద మహా మోజు.

1515 కార్నివాల్ పండగ రోజుల్లో సొంత ఊళ్ళోనే అన్నతో కలిసి గొడవకి దిగాడు. ఆ అన్న చర్చిలో ఫాదర్ కూడా! కేసు పెట్టారు. చేసిన నేరాలు చాలా తీవ్రమైనవని కోర్టు కాగితాల్లో రాశారు. ఇనీగో మాత్రం తనూ చర్చికి చెందినవాడినేనని, మామూలు కోర్టుకి తనని విచారించే అధికారం లేదని వాదించి తప్పించుకోవాలని చూశాడు. అంటే తర్వాత ఆయన్ని వెంటాడిన గతం ఊహించుకున్నది కాదన్నమాట. నిజంగా చేసినవే.

ఫిరంగి గుండు, రెండు పుస్తకాలు

1521 మే 20. పాంప్లోనా కోట మీదకి ఫ్రెంచ్ సైన్యం వచ్చింది. గెలిచే దారి లేదు, లొంగిపోదాం అని మిగతావాళ్ళు అన్నారు. ఇనీగో ఒప్పుకోలేదు. ఫిరంగి గుండు వచ్చి కుడికాలు విరగ్గొట్టింది, ఎడమకాలికీ గాయమైంది. అతను పడగానే కోట లొంగిపోయింది. శత్రువులే కట్టుకట్టి ఇంటికి పంపించారు.

ఎముక సరిగ్గా అతకలేదని మళ్ళీ విరిచి కట్టారు. మత్తుమందు లేని కాలం. ఒక దశలో బతకడనే అనుకున్నారు. బతికాడు గానీ, మోకాలి కింద ఎముక ఒకటి బొడిపెలా పొడుచుకొచ్చింది. బిగుతు బూట్లు వేసుకుంటే అసహ్యంగా కనపడుతుందని ఆ ఎముకని కోయించుకున్నాడు. కేవలం అందం కోసం అంత నొప్పి! అయినా ఒక కాలు పొట్టిదైపోయింది, జీవితాంతం కుంటుతూనే నడిచాడు.

నెలల తరబడి మంచం. కాలక్షేపానికి వీరుల ప్రేమకథలు అడిగితే ఇంట్లో అవి లేవు. ఉన్నవి రెండే: క్రీస్తు జీవితం మీద ఒకటి, సాధువుల కథలు ఒకటి. చదివాడు. ఒకరోజు ఒక గొప్పింటి అమ్మాయిని ఎలా మెప్పించాలా అని గంటలు గంటలు కలలు కనేవాడు. ఇంకోరోజు ఆ సాధువుల్లా తనూ బతికితే ఎలా ఉంటుందా అని ఊహించుకునేవాడు. ఊహిస్తున్నంతసేపు రెండూ హాయిగానే ఉన్నాయి. తర్వాత మాత్రం తేడా తెలిసింది. మొదటి రకం అయిపోయాక మనసు ఎండిపోయినట్టుండేది. రెండో రకం అయిపోయాక కూడా ఆనందం నిలిచేది. ఏ ఆలోచన మనల్ని ఎక్కడ దింపి వెళ్తోందో గమనించడం అతను అక్కడే నేర్చుకున్నాడు. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, ముందు ముందు ఇదే ప్రాణం కాపాడుతుంది.

కత్తి వదిలినా గతం వదల్లేదు

1522 మొదట్లో ఇల్లు వదిలి కంచరగాడిద మీద బయల్దేరాడు. దారిలో ఒక ముస్లిం బాటసారి కలిసి, మాటల్లో మరియమ్మ కన్యత్వం గురించి సందేహం వెలిబుచ్చి ముందుకి వెళ్ళిపోయాడు. ఇనీగోకి కోపం ఆగలేదు. వెంటపడి పొడిచేయాలా వద్దా అని తేల్చుకోలేక పగ్గం వదిలేశాడు, గాడిద ఎటు వెళ్తే అటు! అది వేరే దారి పట్టింది కాబట్టి ఇద్దరూ బతికిపోయారు. భక్తి మొదలైంది గానీ పాత కోపం అలాగే ఉంది.

మాంట్సెరాట్ కొండ మీది మఠానికి చేరాడు. క్యాథలిక్కుల్లో పాపసంకీర్తనం అని ఉంటుంది. చేసిన పాపాలు గురువు ముందు నోటితో ఒప్పుకోవాలి, దేవుడి పేరున ఆయన క్షమాపణ ప్రకటిస్తాడు. ఇనీగో జీవితం మొత్తంలో చేసినవన్నీ రాసి, మూడు రోజులు చెప్పుకున్నాడు. మార్చి 24 రాత్రి ఒంటిమీది ఖరీదైన బట్టలు ఒక బిచ్చగాడికి ఇచ్చేసి, గోనెగుడ్డ కట్టుకుని, మరియమ్మ విగ్రహం ముందు తెల్లవార్లూ జాగారం చేశాడు. కత్తి, బాకు అక్కడే వదిలేశాడు. మర్నాడు ఆ బట్టలు దొంగిలించాడని బిచ్చగాణ్ణి పట్టుకున్నారు. సంగతి తెలిసి ఇనీగోకి కన్నీళ్ళు ఆగలేదు.

సినిమా అయితే ఇక్కడ శుభం కార్డు పడాలి. అసలు కష్టం ఇక్కడి నుంచే మొదలైంది.

మన్రేసా: లోపలి యుద్ధం

దగ్గర్లోని మన్రేసా ఊళ్ళో అడుక్కుతింటూ దాదాపు పదకొండు నెలలు ఉన్నాడు. రోజుకి ఏడు గంటలు ప్రార్థన. ఒకప్పుడు జుట్టు మీద మోజు కాబట్టి దువ్వడం మానేశాడు, గోళ్ళు పెరగనిచ్చాడు.

ఇంతలో అనుమానాలు మొదలయ్యాయి. మాంట్సెరాట్‌లో అన్నీ చెప్పానా? ఏదైనా మర్చిపోయానా? చెప్పినదాన్ని తక్కువ చేసి చెప్పానా? మళ్ళీ వెళ్ళి చెప్పుకునేవాడు. రెండు రోజులకి ఇంకేదో చిన్నది గుర్తొచ్చేది. అన్నీ కాగితం మీద రాయమన్నారు, రాశాడు. తగ్గలేదు. స్పష్టంగా తెలిసిన పాపమైతే తప్ప పాతవి చెప్పొద్దు అన్నారు గురువు. కానీ ఇనీగోకి అన్నీ స్పష్టమైన పాపాల్లాగే కనపడేవి! లూప్‌కి ఆగే కండిషన్ లేకపోతే ఏమవుతుందో మన ఫీల్డ్ వాళ్ళకి చెప్పక్కర్లేదు.

ఇలా నెలలు. దీన్నుంచి బయటపడే దారి చూపిస్తానంటే కుక్కపిల్ల వెనకాల నడవమన్నా నడుస్తానని దేవుడికి మొరపెట్టుకున్నాడు. ఉన్న గదిలో ఒక పెద్ద గొయ్యి ఉండేది. అందులో దూకి చచ్చిపోవాలన్న కోరిక మళ్ళీ మళ్ళీ వచ్చేది. అదీ పాపమే కదా అని ఆగిపోయేవాడు. దేవుడు పలికేదాకా తిననని ఒక ఆదివారం నుంచి మరో ఆదివారం దాకా ఏమీ ముట్టలేదు. గురువుకి తెలిసి గట్టిగా మందలించి తినిపించారు. రెండు రోజులు హాయిగా ఉంది. మూడో రోజు ప్రార్థనలో పాత పాపాలు దారానికి గుచ్చిన పూసల్లా ఒకదాని వెనక ఒకటి మళ్ళీ వచ్చేశాయి.

ఆ రోజే మలుపు. ఈసారి పాపాల జాబితా వైపు చూడలేదు. ఈ ఆలోచన ఎక్కడి నుంచి వస్తోంది, తనని ఎక్కడికి తీసుకెళ్తోంది అని చూశాడు, మంచం మీద నేర్చుకున్నట్టే. అది తీసుకెళ్తున్నది దేవుడి దగ్గరకి కాదు. ఈ బతుకే వద్దు, ఈ భక్తే వద్దు అనే అసహ్యం దగ్గరకి. దేవుడి నుంచి వచ్చేది దేవుడి నుంచే దూరం చేస్తుందా? నిద్రలోంచి లేచినట్టయింది. పాత పాపాలు ఇక మళ్ళీ ఒప్పుకోకూడదని తీర్మానించుకున్నాడు. ఆ రోజు నుంచి ఆ పీడ వదిలింది. అది తన తెలివి కాదు, దేవుడి దయ అని జీవితాంతం నమ్మారు.

క్రైస్తవ విశ్వాసంలో దీనికో అర్థముంది. క్షమ అనేది క్రీస్తు చేసిన త్యాగం వల్ల దొరికేది. మన జాబితా ఎంత పక్కాగా ఉందన్నదాని మీద అది ఆధారపడదు. ఇచ్చేశాక కూడా ఇంకా లెక్క తేలలేదని కూర్చుంటే, పైకి వినయంలా కనపడుతుంది గానీ, లోపల ఇచ్చినవాడి మీద నమ్మకం లేనట్టే. మన శరణాగతి భావం తెలిసినవాళ్ళకి ఈ మాట కొత్తగా అనిపించదు.

రూమ్మేట్‌కి పనికొచ్చిన అనుభవం

తర్వాతి ప్రయాణం చాలా పెద్దది, త్వరగా చెప్తాను. 1523లో జెరూసలేం వెళ్ళారు, అక్కడ ఉండనివ్వలేదు. తిరిగొచ్చి 33 ఏళ్ళ వయసులో బార్సిలోనాలో చిన్నపిల్లల పక్కన కూర్చుని లాటిన్ నేర్చుకున్నారు. అనుమతి లేకుండా బోధిస్తున్నారని ఆల్కలాలో, సాలమాంకాలో జైల్లో పెట్టారు. 1528లో పారిస్ చేరారు.

అక్కడ ఇద్దరు రూమ్మేట్లు. ఒకరు ఫ్రాన్సిస్ జేవియర్, 1542లో గోవా వచ్చినాయన ఈయనే. ఇంకొకరు పీటర్ ఫావ్రే. చాలా మంచి కుర్రాడు, కానీ అచ్చం మన్రేసా జబ్బే. ఏం చేసినా పాపమేమో, చెప్పుకున్నది సరిపోలేదేమో అని నలిగిపోయేవాడు. ఇగ్నేషియస్ తొందరపడలేదు. ఒకసారి పూర్తిగా చెప్పుకోమన్నారు, ఆ తర్వాత వారం వారం, రోజూ కొంచెం ఆత్మశోధన. దాదాపు నాలుగేళ్ళు ఆగాకే పెద్ద ధ్యాన సాధన చేయించారు. ఫావ్రే కుదుటపడ్డాడు. ఏ నరకం ఒకరిని చంపబోయిందో, దాని అనుభవమే ఇంకొకరికి మందు అయింది.

1534 ఆగస్టు 15న మోన్‌మార్ట్ర్ కొండ మీద ఏడుగురు కలిసి ప్రమాణం చేశారు. 1540లో పోప్ మూడో పాల్ వాళ్ళ సంఘాన్ని ఆమోదించారు. అదే యేసు సభ. వాళ్ళనే జెస్యూట్లు అంటాం. పైన చెప్పిన కాలేజీలన్నీ వాళ్ళవే.

రోజూ చేసే లెక్క

మన్రేసాలో మొదలుపెట్టిన నోట్సే తర్వాత ఆధ్యాత్మిక సాధనలు అనే పుస్తకమైంది. 1548లో చర్చి ఆమోదం పొందింది. అందులో ఆత్మశోధనకి ఐదు మెట్లు.

1. ముందుగా అందిన మేళ్ళకి దేవుడికి కృతజ్ఞత చెప్పడం.
2. తప్పులు కనపడేలా, వాటిని వదిలేలా దయ చూపమని అడగడం.
3. లేచిన దగ్గర్నుంచి ఇప్పటిదాకా గంట గంటగా చూసుకోవడం: ఆలోచన, మాట, పని.
4. క్షమ అడగడం.
5. దిద్దుకుంటానని నిశ్చయించుకోవడం.

వరస గమనించారా? తప్పుల వేట మూడో మెట్టు. దానికి ముందు కృతజ్ఞత ఉంది, ప్రార్థన ఉంది. చూసేది ఆ ఒక్క రోజునే. ఐదో మెట్టుతో అయిపోతుంది. ఈసారి లూప్‌కి ఆగే కండిషన్ పెట్టారు!

ఒక ప్రత్యేకమైన లోపం పోగొట్టుకోవాలంటే ఇంకో పద్ధతి. పొద్దున లేవగానే ఆ ఒక్కటి గుర్తుచేసుకోవాలి. మధ్యాహ్నం, రాత్రి ఎన్నిసార్లు జరిగిందో గీత మీద చుక్కలు పెట్టాలి. వారానికి ఏడు జతల గీతలు. నిన్నటితో ఈరోజుని, పోయిన వారంతో ఈ వారాన్ని పోల్చుకోవాలి. 500 ఏళ్ళ నాటి హ్యాబిట్ ట్రాకర్!

అతి అనుమానాల గురించి కూడా అదే పుస్తకంలో సూచనలున్నాయి. దారిలో గడ్డిపోచలు రెండు సిలువ ఆకారంలో పడుంటే, తెలియక తొక్కి, పాపం చేశానని బెంగపడటం ఆయన ఇచ్చిన ఉదాహరణ. మొద్దుబారిన మనసుని శత్రువు ఇంకా మొద్దుబారేలా చేస్తాడట, సున్నితమైన మనసుని ఇంకా సున్నితం చేసి కుంగదీస్తాడట. కాబట్టి మనది ఏ రకమో తెలుసుకుని దానికి ఎదురు నడవాలి. ఏ తప్పూ పట్టనివాళ్ళు కాస్త ఆగి చూసుకోవాలి. అన్నీ పట్టించుకుని నలిగేవాళ్ళు కాస్త వదలడం నేర్చుకోవాలి. ఇద్దరికీ ఒకే సలహా పనిచేయదు.

చివరి రోజులు

మిగతా జీవితం రోమ్‌లో గడిచింది. ఆయన పేరున దాదాపు 7,000 ఉత్తరాలు మిగిలాయి. వయసు మీద పడ్డాక శిష్యులు అడగ్గా తన కథ చెప్పారు. అందులో తనని తాను యాత్రికుడు అని పిలుచుకున్నారు. కుర్రతనాన్ని దాదాపు ఒక్క వాక్యంలో దాటేసి పాంప్లోనా నుంచి మొదలవుతుంది ఆ పుస్తకం. ఒకప్పుడు మూడు రోజులు చెప్పినా చాలదనిపించిన గతం అది. మన్రేసా బాధ మాత్రం దాచలేదు, పనికొస్తుందని వివరంగా చెప్పారు. 1556 జులై 31న కన్నుమూశారు. 1622లో ఆయన్నీ జేవియర్‌నీ ఒకే రోజు పునీతులుగా ప్రకటించారు.

మనం ఏం తీసుకోవచ్చు?

ఎవరినైనా బాధపెట్టి ఉంటే వెళ్ళి క్షమాపణ అడగండి, సరిదిద్దగలిగింది సరిదిద్దండి. ఆ పని తప్పించుకోవడానికి ఇగ్నేషియస్ కథ సాకు కాదు. అది చేశాక కూడా మనసు అదే తవ్వుతుంటే, మానుతున్న పుండు మీది చెక్కు గోకుతున్నామని అర్థం. ఈ రాత్రి పడుకునే ముందు మీ ఇష్టదైవం ముందు ఓ పది నిమిషాలు కూర్చోండి. ముందు కృతజ్ఞత చెప్పండి. తర్వాత ఈ ఒక్క రోజుని చూసుకోండి. చివర్లో రేపటికి ఒక్క చిన్న నిర్ణయం. అంతే, లేచి పడుకోండి.

ఇంకో మాట. ఇగ్నేషియస్ అంతటివారికి కూడా తిండి తినమని గట్టిగా చెప్పే మనిషి కావాల్సి వచ్చింది. చచ్చిపోవాలనే ఆలోచనలు వస్తుంటే ప్రార్థనతో పాటు మనిషి సాయం కూడా తీసుకోండి. ఇంట్లోవాళ్ళతోనో, డాక్టర్‌తోనో మాట్లాడండి. టెలీ మానస్ నంబర్ 14416 ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.

వచ్చే వారం ఇంకో మహనీయుడి కథతో కలుద్దాం. అందరికీ శుభం కలగాలి.