ఫ్రీడ్రిక్ మీషరు పండితుడు

స్విట్జర్లాండు దేశమందు రైను నదీతీరమున బాసెలను నగరము కలదు. 1844వ సంవత్సరమున నచట ఫ్రీడ్రిక్ మీషరు జన్మించెను. ఆయన తండ్రియు మేనమామయు వైద్యశాస్త్రాచార్యులు. మీషరును వైద్యమే చదివెను గాని, వినికిడి మందమగుటచే రోగుల నెదుట గూర్చుండి చికిత్సచేయుట దుస్సాధ్యమని తలచి రసాయన పరిశోధనకు మరలెను.

1868లో జర్మనీదేశమందలి ట్యూబింగెనున కేగి హోప్పె-సైలరను నాచార్యుని శిష్యుడయ్యెను. ఆయనకు దొరికిన పనిచోటు పాతకోటలోని వంటశాల! వైద్యశాలవారు పారవేయు పుండ్లగుడ్డలను దెప్పించి, అందలి చీముకణములను గడిగి, 1869లో వాని కేంద్రకములనుండి యొక నూతన పదార్థమును వేరుపరచి న్యూక్లీనని పేరిడెను. నేడు డి.ఎన్.ఏ. యనబడునది యిదియే. గురువుగారు స్వయముగ మరల పరీక్షించిన పిమ్మటనే 1871లో నది యచ్చయ్యెను.

బాసెలునకు మరలిన పిదప నాయన దృష్టి సాల్మను చేపలపై బడెను. ఇవి సముద్రమునుండి రైను నది కెదురీది వచ్చును. నదిలో నాహారము ముట్టక, స్వదేహమాంసమునే కరగించి బీజములను బెంచుకొనును. మగచేప శుక్రకణములో నధికభాగము కేంద్రకమే. వెచ్చదనమున న్యూక్లీను చెడునని, మీషరు శీతకాలమున వేకువనే లేచి, కిటికీలు దెరచి, గడ్డకట్టు చలిలో పనిచేసెడివాడు. 1874లో న్యూక్లీనుతో బెనవేసికొనియున్న ప్రోటమీనను మరియొక పదార్థమును గనుగొనెను. అది మాంసకృత్తుల జాతిలోనిదని తరువాతివారు తేల్చిరి. మానవ శుక్రకణమందును ప్రోటమీనులు గలవు. అవి పొడవైన డి.ఎన్.ఏ.ను బిగువుగ జుట్టి యణువంత శిరస్సునం దిమిడ్చియుంచును.

అండము ఫలించుటకు హేతువొక్క పదార్థమే యైనచో నది న్యూక్లీనే కావలెనని మీషరునకు దోచెను. అయినను ఆ తలంపును నమ్మలేక, శుక్రకణ మండమునకు చలనమును మాత్రమే యందించునను మతమువైపు మ్రొగ్గెను. చంకలో బిడ్డ నుంచుకొని యూరంతయు వెదకినట్లయ్యెను గదా!

బీజద్వయ మొకటి నొకటి యెట్లు పట్టుకొనునో తెలియుటకు మిగుల కాలము పట్టెను. 2005లో జపాను పండితులు శుక్రకణముపై నొక మాంసకృత్తును గుర్తించి, వివాహములకు బ్రసిద్ధమైన యిజుమో దేవాలయము పేరిడిరి. అండముపై దానికి జతయగు జూనో 2014లో నింగ్లండున దొరకెను. వీనిలో నేది లోపించినను ఎలుకలయందు బీజములు కలియనేరవు. మానవులయందును ఈ జత కలదు.

చలిలోని యాశ్రమమే కారణమో కాదో గాని, మీషరునకు క్షయ సోకెను. 1895లో, ఏబదియొక్క యేండ్ల ప్రాయమున, దావోసు పట్టణమున మరణించెను. అసంపూర్ణముగ మిగిలిన యాయన వ్రాతలను మేనమామ విల్‌హెల్ము హిస్సు మున్నగువారు కూర్చి, 1897లో ముద్రింపించిరి.