ఐస్‌క్రీం బజారుకు పేరైన నవాబు కొడుకు

విజయవాడలో హైదరాబాదు బస్సు ఎక్కినవారికి గొల్లపూడి, ఇబ్రహీంపట్నం దాటి కొంతదూరం పోయాక పరిటాల తగులుతుంది. అక్కడి పెద్ద ఆంజనేయస్వామి విగ్రహం కనిపించగానే బస్సులోనివారు చేతులు జోడిస్తారు. అయితే ఈ ఊరూ, దాని చుట్టుపక్కల కొద్ది పల్లెలూ ఒకప్పుడు హైదరాబాదు నవాబు ఏలుబడిలో ఉండేవని తెలిసినవారు ఇప్పుడు తక్కువ. నాలుగు పక్కలా ఇంగ్లీషువారి కృష్ణా జిల్లా, నడుమ నైజాము పల్లెలు. 1947-48లో ఆ ఊళ్ల ప్రజలు నవాబును కాదని తమకు తామే స్వతంత్రం ప్రకటించుకున్నారు. ఆ నవాబుగారి రెండో కొడుకు కథ ఇది.

ఆయన పేరు మొజంజా. ఆ పేరు చెబితే మనవాళ్లకు మనిషి గుర్తుకు రాడు, మార్కెట్టే గుర్తుకొస్తుంది. హైదరాబాదు వెళ్లివచ్చిన పిల్లలు మొజంజాహీ మార్కెట్‌లో సీతాఫలం ఐస్‌క్రీం తిన్నామని ఊళ్లో చెప్పుకుంటారు. ఆ మొజంజా ఎవరంటే చెప్పగలవారు మాత్రం పదిమందిలో ఒక్కరు కూడా ఉండరు.

మొజంజా 1907 డిసెంబరులో పుట్టారు. తండ్రి ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1911లో గద్దె ఎక్కారు. ప్రపంచంలోకెల్లా ధనవంతుడని అప్పట్లో ఆయనకు పేరు. కానీ తన ఒంటి మీద ఖర్చులో ఆయనంత పొదుపరి లేడని కూడా చెప్పుకునేవారు. అటువంటి తండ్రికి పుట్టిన కొడుకులిద్దరికీ చేతినిండా ఖర్చు చేయడమే అలవాటు. పెద్దవాడు ఆజంజా, రెండోవాడు మొజంజా.

1931 నవంబరు 12న ఫ్రాన్సులోని నీస్ పట్టణంలో అన్నదమ్ములిద్దరికీ ఒకేరోజు పెళ్లి జరిగింది. టర్కీలో ఖలీఫా పదవిని 1924లో రద్దు చేసి, ఆ కుటుంబాన్ని దేశం నుంచి పంపివేశారు. చివరి ఖలీఫా ఫ్రాన్సులో తలదాచుకున్నారు. ఆయనకు నెలకు 300 పౌన్లు పంపి ఆదుకున్నది మన పక్కనున్న నిజామే. ఆ ఖలీఫా కుమార్తె దుర్రెషెహ్వార్ ఆజంజాకు, అదే వంశపు పిల్ల నీలోఫర్ మొజంజాకు భార్యలయ్యారు. అప్పటికి నీలోఫర్‌కు పదహారేళ్లు కూడా నిండలేదు. కొత్త కోడళ్లు వచ్చిన ఓడలోనే గాంధీజీ కూడా లండన్ రౌండ్ టేబుల్ సమావేశం ముగించుకుని బొంబాయికి తిరిగివచ్చారు.

హైదరాబాదులో మొజంజాకు అప్పగించిన పని నగరాభివృద్ధి బోర్డు అధ్యక్షత. 1908లో మూసీ వరద ఊరిని ముంచి వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఆ తరువాత ప్లేగు వచ్చింది. ఇరుకు వాడలు తీసివేసి, వీధులు వెడల్పు చేసి, గాలీ వెలుతురూ ఉండే ఇళ్లు కట్టడానికి 1912లో ఆ బోర్డు పెట్టారు. అందులో రాజకుమారుడు స్వయంగా చేసింది ఎంత, ఇంజనీర్లూ గుమాస్తాలూ చేసింది ఎంత అని విడదీయడం కష్టం. పేరు మాత్రం ఆయనకే దక్కింది. 1933లో మొదలుపెట్టి 1935లో పూర్తిచేసిన కొత్త రాతి మార్కెట్టుకు నిజాం తన రెండో కొడుకు పేరు పెట్టారు. పెద్ద కొడుకు పేరు వరంగల్‌లోని ఆజంజాహీ మిల్లుకు పెట్టారు. ఆ మిల్లు ఇప్పుడు లేదు. తమ్ముడి మార్కెట్ మిగిలింది.

ఐదారు రోడ్లు కలిసే చోట, నడుమ గడియారపు స్తంభం, దానికి రెండు పక్కలా రెక్కలు చాచినట్లు దుకాణాల వరుసలు. నల్లరాయి, పెద్ద కమానులు. అప్పట్లో అది ముఖ్యంగా పండ్ల బజారు. కూరగాయలు, మాంసం, పూలు, తమలపాకులు, అత్తరు కూడా అక్కడే దొరికేవి. నూజివీడు రసాలు పండించే మన రైతుకు పండ్ల బజారంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. సాయంత్రానికి అమ్ముడుపోని పండు మర్నాటికి సగం ధర. బాగా ముగ్గిన పండుకు బజారులో గిరాకీ పడిపోతుంది గాని ఐస్‌క్రీంకు అదే కావాలి. పండ్ల బజారులో ఐస్‌క్రీం వ్యాపారం కుదురుకోవడంలో వింతేమీ లేదు. 1951 నాటి ఫేమస్ దుకాణం, షా, బిలాల్ దుకాణాలు అక్కడ పేరుపడ్డవి.

చేసే పద్ధతి వినతగినది. పాలు మరగకాచి చిక్కబరిచి, పంచదార, పండు గుజ్జు కలిపి రేకు డబ్బాలో పోస్తారు. ఆ డబ్బాను చెక్క తొట్టిలో దించి, చుట్టూ ఐసు ముక్కలు, రాళ్ల ఉప్పు దట్టిస్తారు. ఉప్పు ఎందుకని చాలామంది అడుగుతారు. ఉప్పు తగిలిన ఐసు త్వరగా కరుగుతుంది. కరగడానికి వేడి కావాలి. ఆ వేడిని డబ్బాలోని పాల నుంచి లాగుకుంటుంది. వట్టి ఐసు సున్నా డిగ్రీల దగ్గర ఆగిపోతే, ఉప్పు కలిపినది ఇంకా బాగా దిగువకు పోతుంది. పాలు గడ్డకట్టేది అందువల్లనే. డబ్బాను తిప్పుతూ అంచులకు పట్టినదాన్ని గీరుతూ ఉండాలి, లేకపోతే రాయి అవుతుంది. యంత్రంలో చేసినదానిలో గాలి ఎక్కువ పడుతుంది. చేత్తో తిప్పినదానిలో గాలి తక్కువ, కప్పు చిన్నదైనా బరువుగా ఉంటుంది, నాలుకకు కాస్త గరుకుగా తగులుతుంది. సైకిలు మీద డబ్బా కట్టుకుని మన ఊళ్లకు వచ్చిన పుల్ల ఐసుతో దీనికి పోలికే లేదు. అలాగని పుల్ల ఐసును తక్కువ చేయడం ఈ వ్యాసకర్త ఉద్దేశం కాదు.

మొజంజా జీవితం మాత్రం ఆ బజారంత సందడిగా సాగలేదు. ఆయన నివాసం హిల్ ఫోర్ట్ భవనం. నిజామత్ జంగ్ అనే న్యాయాధికారి 1915లో కట్టుకున్న కోటవంటి ఇల్లు అది. అక్కడ మొజంజా రాత్రిళ్లు దర్బారు తీర్చేవారు. ఊరంతా నిద్రపోయే వేళకు కవులు చేరేవారు. తెల్లవారేదాకా కవిత్వం, పాట, విందు. పగలు రాజకుమారుని నిద్ర. ఆయన కూడా షజీ అనే పేరుతో ఉర్దూ కవిత్వం చెప్పేవారు. ఫానీ బదాయూనీ వంటి పెద్ద కవి ఆ దర్బారులో కూర్చున్నాడు, 1941లో అదే నగరంలో పేదరికంలోనే కన్నుమూశాడు. రాజుగారి సభలో చోటు దొరికినంత మాత్రాన కవి ఇంట్లో పొయ్యి వెలగదు కదా.

ఇంట్లోని వెలితి వేరు. నీలోఫర్‌కు సంతానం కలగలేదు. 1948లో మొజంజా మరో వివాహం చేసుకున్నారు. 1949లో నీలోఫర్ దగ్గర పనిచేసే రఫత్ ఉన్నీసా అనే యువతి కాన్పులో చనిపోయింది. రాజభవనపు గడపలో ఉన్న మనిషికే సరైన వైద్యం అందకపోతే బయటివారి గతి ఏమిటని నీలోఫర్ పట్టుపట్టి తల్లీబిడ్డలకు ఆసుపత్రి పెట్టించారు. 1953లో వెలసిన ఆ నీలోఫర్ ఆసుపత్రికి మన జిల్లా నుంచి కూడా పసిబిడ్డలను ఎత్తుకుని వెళ్లిన తల్లులున్నారు. ఆసుపత్రి వెలిసేనాటికే, అంటే 1952లో, ఆ దంపతులు విడిపోయారు. ఆమె ఫ్రాన్సులో స్థిరపడి 1989లో పారిస్‌లో మరణించారు. మొజంజాకు తరువాతి భార్యల వల్ల పిల్లలు కలిగారు.

1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో నిజాం రాజ్యం ముగిసింది. 1955లో హిల్ ఫోర్ట్ భవనం రిట్జ్ హోటలుగా మారింది. తండ్రి 1967లో మరణించినప్పుడు గద్దె పేరు కొడుకులిద్దరికీ కాకుండా ఆజంజా కొడుకు ముకర్రంజాకు పోయింది. 1971లో రాజభరణాలు కూడా రద్దయ్యాయి. మొజంజా ఇవన్నీ చూస్తూ 1987 సెప్టెంబరులో కన్నుమూశారు.

దాదాపు అదే కాలంలో పండ్ల వ్యాపారం ఆ మార్కెట్ నుంచి గడ్డిఅన్నారానికి తరలిపోయింది. ఐస్‌క్రీం దుకాణాలు కదలలేదు. పిచ్చిమొక్కలు మొలిచి, రంగురేకుల కింద దాగిపోయిన రాతి కట్టడాన్ని శుభ్రపరచి, బాగుచేసి 2020 ఆగస్టులో తిరిగి తెరిచారు.

వెళ్లదలచినవారు మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లో దిగి మెట్రో ఎక్కితే రెండో స్టేషన్ గాంధీభవన్. అక్కడి నుంచి మార్కెట్టు నడకే. మామిడి ఐస్‌క్రీంకు వేసవి, సీతాఫలానికి దసరా దాటిన రోజులు అనువైనవి. ముంగిట్లో కుర్చీ వేసుకుని తింటుంటే ఎదురుగా గడియారపు స్తంభం కనబడుతుంది.