హష్మత్ జంగ్ కట్టిన ఇల్లు

జెద్దాలో ఉండే మనవాళ్లకు షరఫియా గురించి వేరే చెప్పనక్కర్లేదు. మలయాళీ హోటళ్లు, మనవైపు సరుకులు దొరికే దుకాణాలు, శుక్రవారం సాయంత్రం కలుసుకునే కరీంనగర్, నిజామాబాద్, కడప జిల్లాల వాళ్లు. నేనూ ఆ షరఫియా మనిషినే. అరబ్బీలో షరఫ్ అంటే గౌరవం. ఆ మాట చెవినపడ్డప్పుడల్లా నాకు హైదరాబాదు చరిత్రలోని ఒక పెద్దావిడ గుర్తుకొస్తుంది. ఆమె షరఫున్నీసా బేగం. ఆమె అల్లుడి గురించే ఈ నాలుగు మాటలు.

ఆయన పేరు జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్. 1764లో మద్రాసు సెయింట్ జార్జి కోటలో పుట్టాడు. తండ్రి కంపెనీ సైన్యంలో కల్నల్. కొడుకు కూడా పదిహేను పదహారేళ్లకే మద్రాసు సైన్యంలో చేరాడు. పారశీకం, హిందుస్తానీ చక్కగా మాట్లాడేవాడు. అన్న విలియం హైదరాబాదులో రెసిడెంటుగా, అంటే నిజాం కొలువులో కంపెనీ ప్రతినిధిగా ఉండేవాడు. ఆయన దగ్గర సహాయకుడిగా చేరిన జేమ్స్, అన్నకు ఆరోగ్యం చెడడంతో ఆ బాధ్యతలు చేపట్టి, 1798లో తానే రెసిడెంటు అయ్యాడు.

సైనికుడిగా ఆయనకు పేరు తెచ్చిన సంఘటన ఆ ఏడాదే జరిగింది. అప్పట్లో నిజాం దగ్గర ఫ్రెంచి అధికారుల కింద పెద్ద సైన్యం ఉండేది. దాన్ని పెంచి పోషించిన రేమాండ్ 1798 మార్చిలో మరణించాడు. మూసారాంబాగ్‌కు ఆ పేరు ఆయన వల్లనే వచ్చిందని నగరవాసులు చెప్పుకుంటారు. సెప్టెంబరు 1న నిజాంతో కిర్క్‌పాట్రిక్ ఒప్పందం కుదిర్చాడు. అక్టోబరు 22న 11,000కు పైగా ఉన్న ఆ సైన్యం చేత యుద్ధం లేకుండానే ఆయుధాలు కింద పెట్టించాడు. నిజాం అలీఖాన్ ఆయన్ని కొడుకులా చూసుకున్నాడు. హష్మత్ జంగ్ అనే బిరుదు ఇచ్చాడు.

అయితే ఈ కథలో మనకు చేదు కూడా ఉంది. 1800 అక్టోబరులో జరిగిన మరో ఒప్పందంతో సైన్యం ఖర్చుల కింద నిజాం బళ్లారి, అనంతపురం, కడప, కర్నూలు ప్రాంతాలను కంపెనీకి ఇచ్చేశాడు. అవే దత్త మండలాలు. తర్వాత మనం రాయలసీమ అని పిలుచుకున్న నేల వాటిలోదే. అది కంపెనీ చేతికి వెళ్లడంలో ఈయన చెయ్యి ఉంది. ప్రేమకథ ఎంత బాగున్నా ఈ సంగతి మరచిపోకూడదని నా అభిప్రాయం.

ఇక ఆ ప్రేమకథ. మీర్ ఆలం బంధువర్గానికి చెందిన బాకర్ అలీఖాన్ అనే ప్రభువు మనవరాలు ఖైరున్నీసా. ఆమె తల్లే షరఫున్నీసా. 1798 డిసెంబరులో ఆ ఇంట్లో పెళ్లి జరిగింది. పరదా వెనక నుంచి ఖైరున్నీసా ఈ తెల్లదొరను చూసింది. అప్పటికి ఆమెకు ఇంకా చిన్న వయసు. వేరే సంబంధం కూడా నిశ్చయమై ఉంది. ఆమె మాత్రం మనసు మార్చుకోలేదు. తల్లి, అమ్మమ్మ ఆమె పక్షాన నిలబడ్డారు. చివరికి కిర్క్‌పాట్రిక్ ఇస్లాం స్వీకరించి, ఆ మత సంప్రదాయం ప్రకారం ఆమెను పెళ్లి చేసుకున్నాడు.

కంపెనీ రాజ్యంలో అది చిన్న విషయం కాదు. గవర్నర్ జనరల్ లార్డ్ వెల్లెస్లీకి ఫిర్యాదులు వెళ్లాయి. మద్రాసు గవర్నరు చేత రహస్య విచారణ జరిగింది. కిర్క్‌పాట్రిక్ మొదట్లో సంగతి దాచి తగ్గించి చెప్పాడు. తర్వాత అన్నకు అంతా వివరంగా రాశాడు. ఉద్యోగం పోయే పరిస్థితి వచ్చినా భార్యను వదిలేస్తానని మాత్రం అనలేదు. ఆ రోజుల్లో దొరలు ఇక్కడి స్త్రీలతో కాపురం చేసి, సమయం వచ్చినప్పుడు ఇంత డబ్బు చేతిలో పెట్టి వెళ్లిపోవడం మామూలే. ఈయన అలా వెళ్లలేదు. రాను రాను వెల్లెస్లీ దౌర్జన్య విధానాలు కూడా ఆయనకు నచ్చకుండా పోయాయి.

1801 మార్చిలో కొడుకు, 1802 ఏప్రిల్‌లో కూతురు పుట్టారు. సాహెబ్ ఆలం, సాహెబ్ బేగం అని వాళ్ల ముద్దు పేర్లు. మూసీ ఉత్తరపు ఒడ్డున రెసిడెన్సీ ఆవరణలోనే బేగం కోసం రంగ్ మహల్ కట్టించాడు. 1803 ప్రాంతంలో అక్కడే పెద్ద భవనం మొదలుపెట్టించాడు. ఘోషాలో ఉండే భార్య బయటికి వచ్చి ఆ భవనం ముఖభాగాన్ని చూడలేదు కనుక, దాని చిన్న నమూనాను ఆమె తోటలో కట్టించి చూపించాడని చెప్పుకుంటారు. కోఠీ అంటే భవనం. ఆ భవనం వల్లనే ఆ ప్రాంతానికి కోఠీ అన్న పేరు స్థిరపడింది.

గల్ఫ్‌లో ఉన్న మాలో చాలామంది ఊళ్లో ఇల్లు కట్టడానికే ఇక్కడికి వచ్చాం. స్లాబు పడ్డ ఫొటో వస్తే గదిలో అందరికీ చూపించుకుంటాం. ఆ ఇంట్లో భార్యతో కలిసి ఉన్నది ఎన్ని నెలలని లెక్కపెడితే నోట మాట రాదు. కిర్క్‌పాట్రిక్ లెక్క కూడా అంతే. భవనం మొదలుపెట్టిన రెండేళ్లకే ఆయన కథ ముగిసింది.

ఆయన్ని కుదిపేసిన సమస్య పిల్లల భవిష్యత్తు. తల్లిదండ్రుల్లో ఒకరు భారతీయులైతే కంపెనీ కొలువుల్లో చోటు లేదని 1791లోనే ఉత్తర్వు వచ్చింది. ఇక్కడే ఉంటే ఎటూ కాకుండా పోతారని, ఇంగ్లండులో తన తండ్రి దగ్గరికి పంపాలని నిర్ణయించాడు. తల్లి మనసు ఎంత తల్లడిల్లిందో ఊహించుకోవచ్చు. 1805లో మద్రాసులో జార్జి చిన్నరీ అనే చిత్రకారుడు హైదరాబాదీ దుస్తుల్లో ఉన్న ఆ ఇద్దరు పిల్లల నిలువెత్తు బొమ్మ గీశాడు. సెప్టెంబరులో పిల్లలు ఓడ ఎక్కారు. అప్పటికే జబ్బుగా ఉన్న తండ్రి పని మీద కలకత్తా వెళ్లి, అక్టోబరు 15న అక్కడే కన్నుమూశాడు. వయసు 41. భార్య దగ్గర లేదు, పిల్లలు సముద్రం మీద ఉన్నారు.

ఆయన వీలునామా గురించి చదివినప్పుడు నాకు మనసు బరువెక్కింది. బేగంకు సొంత జాగీర్లు, నగలు ఉన్నాయని చెప్పి, తన హద్దులేని ప్రేమకు గుర్తుగా ఆమెకు పదివేల హైదరాబాదు రూపాయలు ఇమ్మని రాశాడు. అదే కాగితంలో పిల్లల్ని మాత్రం ఇంగ్లీషు చట్టం ఒప్పుకునే వివాహంలో పుట్టిన వాళ్లుగా రాయలేకపోయాడు. ఇంట్లో నిండు భర్తగా బతికిన మనిషికి కాగితం మీద భర్త అనిపించుకునే దారి లేకపోయింది.

ఖైరున్నీసా భర్త సమాధి చూడటానికి కలకత్తా వెళ్లింది. తర్వాత హైదరాబాదు రావడానికి మీర్ ఆలం ఒప్పుకోకపోవడంతో మచిలీపట్నంలో ప్రవాసం గడిపింది. భర్త దగ్గర పనిచేసిన హెన్రీ రస్సెల్‌ను నమ్మింది. అతను మద్రాసులో వేరే పెళ్లి చేసుకున్నాడు. మీర్ ఆలం పోయాక ఇల్లు చేరి, 1813 సెప్టెంబరులో 27 ఏళ్లకే మరణించింది. పిల్లల్ని మళ్లీ చూడలేదు.

ఇంగ్లండులో పిల్లలకు క్రైస్తవ మతం ఇచ్చి, విలియం జార్జి, కేథరిన్ అరోరా అని పేర్లు మార్చారు. తల్లికి ఉత్తరం రాసే వీలు కూడా లేకుండా చేశారు. కొడుకు 1828లో మరణించాడు. కిట్టీ అని పిలిచే కూతురు పెద్దదయ్యాక రస్సెల్ ఇంట్లో ఆ పాత చిత్తరువును చూసి కన్నీళ్లు పెట్టుకుంది. హైదరాబాదులో అమ్మమ్మ ఇంకా బతికే ఉందని తెలిసి 1841లో ఉత్తరం రాసింది. మనవరాలు ఇంగ్లీషులో రాస్తుంది, షరఫున్నీసా పారశీకంలో రాయిస్తుంది, మధ్యలో ఎవరో అనువదించాలి. 1847లో ఆ పెద్దావిడ పోయేదాకా ఉత్తరాలు నడిచాయి. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోనే లేదు. కిట్టీ 1889లో కన్నుమూసింది. ఆ చిత్తరువు ఇప్పుడు హాంకాంగ్‌లో ఒక బ్యాంకు దగ్గర ఉంది.

విలియం డాల్రింపుల్ 2002లో ప్రచురించిన వైట్ మొఘల్స్ అనే గ్రంథం వల్ల ఈ కథ మళ్లీ లోకానికి తెలిసింది. రంగ్ మహల్‌ను 1860 ప్రాంతంలో కూల్చేశారు. పెద్ద భవనం మిగిలింది. 1949లో అది కోఠీ ఉమెన్స్ కాలేజీ అయింది. ఈ సంచిక చదివే ఇళ్లలో అక్కడ చదువుకున్న అక్కలు, అమ్మలు తప్పక ఉంటారు. 2022లో అది మహిళా విశ్వవిద్యాలయంగా మారింది, 2024లో చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. ఒక భార్య ఘోషా దాటి బయటికొచ్చి చూడలేకపోయిన ఆ ఇంటి మెట్లు వేలమంది ఆడపిల్లలు చదువు కోసం ఎక్కారు.

కిర్క్‌పాట్రిక్ భార్యను ప్రేమించాడనడంలో నాకు అనుమానం లేదు. పిల్లల్ని పంపిందీ వాళ్ల మేలు కోరే. కానీ ఆ మేలు కోసం వాళ్లకు అమ్మ భాష, అమ్మమ్మ ఒడి లేకుండా పోయాయి. మన కాలంలో సముద్రం అంత పెద్దది కాదు. ఫోను చేతిలోనే ఉంది. అమెరికాలో ఉన్నా, జెద్దాలో ఉన్నా, మన పిల్లలు అమ్మమ్మతో మాట్లాడటానికి మధ్యలో అనువాదకుడు అవసరమైతే, అది దూరం చేసిన పని కాదు, మనం చేసిన పని. ఈసారి హైదరాబాదు వెళ్లినప్పుడు పిల్లల్ని కోఠీ తీసుకెళ్లి ఆ ఇల్లు చూపించండి. ఈ కథ మొత్తం వాళ్లకు తెలుగులోనే చెప్పండి.