యోహాన్నెస్ కెప్లరు జీవితము

భూమినుండి కుజగ్రహమునకు పోవు నౌకలకు నేడు కంప్యూటరులలోని సాఫ్టువేరు మార్గము నిర్ణయించుచున్నది. ఆ గణితమునకు పునాది వేసినవాడు ఒక బడిపంతులు. అహోబిలపు కొండలపై ఎఱ్ఱగా వెలుగు కుజుని చూచు మన విద్యార్థులకు ఆతని చరిత్రము తెలుపగోరుచున్నాము.

కెప్లరు 1571 డిసెంబరు 27న జర్మను దేశమునందలి వైల్ దెర్ ష్టాట్ పట్టణమున జన్మించెను. బాల్యమున మశూచి సోకి చూపు మందగించెను. ట్యూబింగెన్ విశ్వవిద్యాలయమున దైవశాస్త్రము చదివి, 1594లో గ్రాజ్ పట్టణపు ప్రొటెస్టంటు పాఠశాలలో గణితోపాధ్యాయుడయ్యెను. 1600లో మతము మార్చుకొన నిరాకరించి, ఆ యూరు విడువవలసి వచ్చి, ప్రాగు నగరమున టైకో బ్రాహీని చేరెను. మరుసటి యేడు టైకో మరణింపగా, ఆతడు జీవితమంతయు వ్రాసియుంచిన గ్రహవేధలు కెప్లరు చేతికి వచ్చెను.

కుజుడు వృత్తమార్గమున తిరుగునని కెప్లరు చేసిన గణితము టైకో వేధలకు ఎనిమిది కలలు తప్పెను. అది పూర్ణచంద్రబింబపు వెడల్పులో నాలుగవవంతు మాత్రమే. అయినను దానిని ఉపేక్షింపక, ఆతడు తన శ్రమనంతయు త్రోసివేసి మరల మొదలుపెట్టెను. తుదకు గ్రహమార్గము దీర్ఘవృత్తమనియు, సూర్యుని సమీపించినకొలది గ్రహము వడిగా పోవుననియు 1609లో ప్రకటించెను. సూర్యునినుండి గ్రహమున కుండు సగటు దూరమునకును, అది యొక చుట్టు తిరుగు కాలమునకును గల సంబంధమును 1619లో తెలిపెను.

ఇంతలో ఆతని వృద్ధమాతపై మంత్రగత్తె యను నేరము మోపబడెను. కెప్లరు స్వయముగా వాదించి, 1621లో ఆమెను విడిపించెను. 1627లో రుడాల్ఫు పట్టికలను అచ్చువేయించి, 1630 నవంబరు 15న రేగెన్స్‌బుర్గులో కన్నుమూసెను. బుధుడు సూర్యబింబము నడ్డముగా దాటునని ఆతడు ముందే గణించిన దినముననే, అనగా 1631 నవంబరు 7న, పారిసులో గసెండీ ఆ దృశ్యమును చూచెను.

ఫలానా వేళకు గ్రహ మెక్కడ నుండునో తెలుపు కెప్లరు సమీకరణము ఒక్కమారుగా తెగదు. ముందొక విలువ ననుకొని, పలుమారులు దిద్దుకొనుచు పోవలెను. నేటి సాఫ్టువేరును అట్లే దిద్దును. కాని రెప్పపాటులో ముగించును. ఉభయ గ్రహమార్గములను తాకు దీర్ఘవృత్తమున కుజుని చేరుటకు సుమారు 259 దినములు పట్టునని మూడవ సూత్రమే చెప్పును. ఇట్టి మార్గమే ఇంధనమును పొదుపుచేయునని 1925లో హోమన్ అను ఇంజనీరు చూపెను. 2013 నవంబరు 5న శ్రీహరికోటనుండి ఎగసిన మంగళయానము, దీనికి దగ్గరి మార్గముననే 2014 సెప్టెంబరు 24న కుజుని చేరెను.

విద్యార్థులారా! లెక్క కొంచెము తప్పినను ఒప్పెనని సరిపెట్టుకొనకుడు. ఆ కొంచెమునే కెప్లరు విడువకుండుటచేత గ్రహముల త్రోవ మనకు దొరకెను.