నవాబు జఫర్ జంగు

హైదరాబాదు పాతనగరములో, సంతోష్‌నగరునకు చేరువనే ఫిసల్‌బండ యను ప్రదేశము కలదు. నేడది యిండ్లతోడను అంగళ్లతోడను క్రిక్కిరిసి యున్నది. విద్యుద్దీపముల వెలుగు నగరమున వ్యాపింపని దినములలో నచ్చట రాత్రివేళ ఆకాశము నిర్మలముగా గనిపించెడిది. ఆ ఆకాశమును జూచి మురిసి యూరకుండక, దానిని శాస్త్రీయముగా పరిశీలింప సంకల్పించిన మహనీయుడు నవాబు జఫర్ జంగు.

ఆయన హైదరాబాదు సంస్థానపు కులీనులలో నొకరు. ఇంగ్లండులో విద్య నభ్యసించిరి. అచ్చట ఖగోళశాస్త్రమునం దాయనకు గాఢమైన యాసక్తి కలిగెను. సంపన్నులు పలువురు తమ ధనమును విలాసములకు వెచ్చించు కాలమది. జఫర్ జంగు మాత్రము 15 అంగుళముల కటకము గల పెద్ద దూరదర్శినిని కొనిరి. 1901లో ఫిసల్‌బండలోని తమ యెస్టేటునందు వేధశాలను నెలకొల్పిరి.

వేధశాల తమ పేరు మీద వెలయవలెనని ఆయన కోరలేదు. దానికి నిజామియా యని పేరిడుటకును, తమ యనంతరము దానిని ప్రభుత్వము స్వీకరించుటకును అనుమతింపవలసినదిగా ఆరవ నిజాము మహబూబ్ అలీఖానుకు విన్నవించుకొనిరి. నక్షత్రములను కొలుచుట యొక్క జీవితకాలములో ముగియు పని కాదని ఆయన యెఱిగిన ట్లీ విన్నపము తెలుపుచున్నది. 1907లో జఫర్ జంగు మరణించిరి. ఆయన ముచ్చటపడి కొనిన పెద్ద దూరదర్శిని 1922లో గాని స్థాపింపబడలేదు.

యజమాని పోయినను సంకల్పము పోలేదు. 1908లో ప్రభుత్వము వేధశాలను స్వీకరించెను. అది తరువాత బేగంపేటకు మార్చబడెను. అప్పటికే ప్రపంచమున నొక మహాకార్యము సాగుచుండెను. 1887లో పారిసు నగరమున సమావేశమైన ఖగోళశాస్త్రజ్ఞులు ఆకాశమునంతటిని ఛాయాచిత్రములు తీసి, నక్షత్రముల పట్టికను తయారుచేయ నిశ్చయించిరి. ఏ యొక్క వేధశాలకును అది సాధ్యము కాదు. కావున ఆకాశమును పట్టీలుగా విభజించి, సుమారు 20 వేధశాలలకు పంచిరి. చిలీ దేశములోని శాంటియాగో చేయవలసిన భాగము హైదరాబాదునకు వచ్చెను. జర్మనీలోని పోట్స్‌డామ్ విడిచిన భాగములో కొంత కూడ తరువాత మన వేధశాలయే పూర్తిచేసెను.

ఒక్కొక్క గాజుపలకపై చిన్నచిన్న గళ్లుండెడివి. ఆ గళ్ల నాధారముగా జేసికొని ప్రతి నక్షత్రము యొక్క స్థానమును కొలిచి వ్రాసెడివారు. ఒకే నక్షత్రము రెండు పలకలయందు పడునట్లు చిత్రములు తీయుటచే, ఒక కొలతలోని తప్పును మరియొకటి పట్టి యిచ్చెడిది. పోకాక్ అను సంచాలకుడు 1918లో మరణింపగా, భాస్కరన్ ఆ స్థానమునకు వచ్చి 1944 వరకు పని నడిపిరి. ఏడున్నర లక్షలకు మించిన కొలతలు 12 సంపుటములుగా వెలువడినవి.

విద్యార్థులారా! నేటి మహాగణనయంత్రములు కూడ నీ మార్గముననే పనిచేయుచున్నవి. ఒక పెద్ద లెక్కను ముక్కలు చేసి, వేలకొలది యంత్రభాగములకు ఒకేసారి పంచి యిత్తురు. దీనిని సమాంతర గణన మందురు. అయితే పనివారి సంఖ్యను పెంచినంతనే పని వేగము పెరుగదు. పదిమంది నాట్లు వేయుచున్నను నారు పీకి యందించువా డొక్కడే యైనచో, తక్కినవారు మడిలో నిలిచి యెదురుచూడవలసినదే. అట్లే పలువురు తమ భాగములను ముగించినను, వెనుకబడిన యొక్కని కొఱకు పనియంతయు ఆగును. ఎక్కడ ఆలస్యమగుచున్నదో కొలిచి సవరించుట ఇప్పుడొక ప్రత్యేక శాస్త్రము. ఆకాశపు పట్టికయు నట్లే ఆలస్యమైనది. కొన్ని వేధశాలలు తమ భాగములను విడిచిపెట్టుటచేతను, యుద్ధములచేతను ఆ పనికి అర్ధశతాబ్ది కంటె నెక్కువ కాలము పట్టెను.

అంతటితో అది పాతపడి పోయెనా? లేదు. 1989లో ఐరోపా దేశములు హిప్పార్కస్ అను ఉపగ్రహమును పంపి నక్షత్రముల స్థానములను మరల కొలిచినవి. నక్షత్ర మెంత కదలినదో తెలియవలెనన్న పూర్వపు స్థానము కూడ తెలియవలెను గదా! అప్పుడు శాస్త్రజ్ఞులు ఆ పాత సంపుటములను వెదకి తీసిరి. 2000లో వెలువడిన టైకో-2 అను పట్టికలో సుమారు 25 లక్షల నక్షత్రములు కలవు. వాని చలనములను గణించుటకు తోడ్పడిన పాత కొలతలలో హైదరాబాదు కొలతలును ఉన్నవి.

జఫర్ జంగు ఈ ఫలమును చూడలేదు. గాజుపలకలపై వంగి చుక్కలను కొలిచినవారును చూడలేదు. తమకు వచ్చిన వంతును నమ్మకముగా నెరవేర్చుటయే వారెఱిగిన ధర్మము. ఆ వంతులన్నియు కలిసి ఆకాశపటమైనవి.