థామస్ యంగ్: వదులుకున్న మాటను తన కంటితోనే నెగ్గించుకున్న డాక్టర్.. చత్వారం వెనక అసలు కథ ఇదీ!

రాయవరం సెంటర్లో ఏ కిరాణా కొట్టు ముందైనా రెండు నిమిషాలు నిలబడండి. నలభై దాటినవాళ్లు ఫోన్ ఎలా పట్టుకుంటున్నారో చూడండి. మెసేజ్ వచ్చిందంటే చాలు.. చెయ్యి ముందుకు చాస్తారు, మెడ వెనక్కి లాగుతారు. చత్వారం అంటే ఇదే. దగ్గరున్న వస్తువు మీద కన్ను ఫోకస్ చేయలేకపోవడం. అసలు కన్ను ఫోకస్ ఎలా మారుస్తుంది? రెండు శతాబ్దాల క్రితం ఈ ప్రశ్నకు జవాబు వెతికి, మాట పడి, వెనక్కి తగ్గి, మళ్లీ గెలిచిన మనిషి థామస్ యంగ్.

రెండేళ్లకే చదువు

1773 జూన్ 13న ఇంగ్లండ్‌లోని మిల్వర్టన్‌లో యంగ్ పుట్టాడు. పదిమంది పిల్లల్లో పెద్దవాడు. రెండేళ్లకే చదవడం వచ్చేసింది. టీనేజ్‌లోనే గ్రీకు, లాటిన్‌తో పాటు చాలా భాషలు పట్టేశాడు. తర్వాత డాక్టర్ కావాలని లండన్ చేరాడు.

అక్కడ ఎద్దు కన్ను కోసి చూస్తుండగా ఆయనకో ఆలోచన తట్టింది. దగ్గరికి చూసేటప్పుడు కంట్లోని లెన్సే ఆకారం మార్చుకుంటుందని 1793లో రాయల్ సొసైటీకి వ్యాసం పంపాడు. మరుసటి ఏడాది 21 ఏళ్లకే సొసైటీలో సభ్యుడయ్యాడు.

పేరుతో పాటే గొడవా వచ్చింది. ఆ ఆలోచన తనకే ముందు వచ్చిందని ప్రముఖ సర్జన్ జాన్ హంటర్ అన్నాడు. హంటర్ పోయాక ఆయన బావమరిది ఎవరార్డ్ హోమ్ ప్రయోగాలు చేసి, లెన్స్ తీసేసిన కన్ను కూడా ఫోకస్ మార్చగలదని, మారేది కంటి ముందున్న కార్నియా అని తేల్చాడు. దాంతో యంగ్ తన మాట వెనక్కి తీసుకున్నాడు. కుర్రాడి కథ అక్కడితో అయిపోయిందనే అనిపించింది.

తన కన్నే ల్యాబ్

కానీ ఆయన వదల్లేదు. ఎడిన్‌బరో, గొట్టింగెన్, కేంబ్రిడ్జ్‌లలో చదువుకుని లండన్‌లో ప్రాక్టీస్ పెట్టాడు. పాత ప్రశ్నను మళ్లీ బయటికి తీశాడు. ఈసారి పరీక్షకు పెట్టింది తన కన్నునే.

నీళ్లలో మునిగి కళ్లు తెరిస్తే అంతా మసకే కదా! నీళ్లు తగిలితే కార్నియా పనితనం దాదాపు పోతుంది. యంగ్ ఒక చిన్న లెన్స్ గొట్టంలో నీళ్లు నింపి కంటికి ఆనించుకున్నాడు. అయినా ఫోకస్ మార్చగలిగాడు. అంటే పని చేస్తున్నది కార్నియా కాదు. మరి కనుగుడ్డే సాగుతోందా? కంటిని ముక్కు వైపు బాగా తిప్పి, ముందూ వెనకా లోహపు రింగులు నొక్కిపెట్టి చూశాడు. గుడ్డు పొడవు మారిన జాడే లేదు. ఇక మిగిలింది లెన్స్ ఒక్కటే. శుక్లం వల్ల లెన్స్ పోగొట్టుకున్నవాళ్లను పరీక్షిస్తే, వాళ్లకు ఫోకస్ మార్చే శక్తి లేదని తేలింది. 1800 నవంబర్‌లో ఇదంతా రాయల్ సొసైటీలో వినిపించాడు. తన కంటికే ఆస్టిగ్మాటిజం ఉందని కూడా ఆ పరీక్షల్లోనే కనిపెట్టాడు.

ఒక్క పొరపాటు మాత్రం చేశాడు. లెన్సే ఒక కండరం అనుకున్నాడు. నిజానికి కండరం లెన్స్ చుట్టూ ఉంటుంది. అది బిగిస్తే లెన్స్‌ను పట్టుకున్న దారాలు వదులై, లెన్స్ ఉబ్బుతుంది. ఈ సంగతిని 1850లలో జర్మనీ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ వివరించాడు. వయసుతో లెన్స్ గట్టిపడి ఉబ్బలేకపోతేనే చత్వారం.

వెక్కిరించిన చారలే పనికొచ్చాయి

యంగ్ అక్కడితో ఆగలేదు. రెండు కాంతులు కలిస్తే వెలుగు, చీకటి చారలు పడతాయని చూపి, కాంతి అల అని వాదించాడు. ఓ పేరున్న పత్రిక ఆయన్ని దారుణంగా ఎగతాళి చేసింది. ఈజిప్టు రోసెట్టా రాయి మీది లిపిని విప్పడంలోనూ ఆయన చెయ్యి ఉంది. 1829 మే 10న, 55 ఏళ్లకే కన్నుమూశాడు.

అసలు ట్విస్ట్ తర్వాత వచ్చింది. 1965లో ఫెర్గస్ క్యాంప్‌బెల్, డేనియల్ గ్రీన్ ఆ చారలనే లేజర్‌తో నేరుగా రెటీనా మీద పడేలా చేశారు. ఇలా చేస్తే కంటి ఫోకస్ తప్పుల ప్రభావం చారల మీద పడదు. తర్వాత మామూలుగా తెర మీద చారలు చూపించి రెండూ పోల్చారు. కంటి లెన్స్, కార్నియా దారిలో ఎంత కాంట్రాస్ట్ తినేస్తున్నాయో అలా లెక్క తేలింది. ఫోకస్ తప్పితే ముందు మాయమయ్యేవి సన్న చారలేనని కూడా వాళ్లు చూపించారు. నలుపు తెలుపులోకి, తెలుపు నలుపులోకి ఒలికి, రెండూ బూడిద రంగైపోతాయి. లావు చారలు మాత్రం చాలావరకు నిలబడతాయి.

అందుకే పెద్ద అక్షరాల బోర్డు చదవగలిగినా, మందు చీటీ మీది సన్నటి లేత అక్షరాలు దొరకవు. సంధ్యవేళ కాలువగట్టు మీద బూడిద రంగు చీరలో నడిచే మనిషి, బైక్ దగ్గరికొచ్చే దాకా కనిపించకపోవచ్చు. చార్టులో నల్లటి అక్షరాలు చదివినంత మాత్రాన చూపంతా బాగున్నట్టు కాదు. ముసురులో, మసక వెలుగులో తడబడుతుంటే ఆ మాట కూడా కంటి డాక్టర్‌కు చెప్పాలి. కారణం కళ్లద్దాలతో సరిపోయేదో, శుక్లమో పరీక్షలో తేలుతుంది.